మల్టీడిసిప్లినరీ పేపరు: మీ కాలేజీలో ఎవరు రాశారు, ఎవరు బోధిస్తున్నారు?

రసాయనం_సూర్యాపేట
మాది స్వయంప్రతిపత్తి ఉన్న డిగ్రీ కాలేజీ. మూడు క్రెడిట్ల మల్టీడిసిప్లినరీ పేపరు ఒకటి మేమే తయారు చేసుకోవాలి. "నీరు" అన్న పేరుతో రాద్దామనుకుంటున్నాను. నల్లగొండ ఫ్లోరైడ్ సమస్యను మధ్యలో పెట్టి రసాయన శాస్త్రం, చరిత్ర, ఆర్థిక శాస్త్రం, ప్రజారోగ్యం దాని చుట్టూ నడవాలని నా ఆలోచన. ఇద్దరు అధ్యాపకులు ఒకేసారి క్లాసులో ఉండాలి. ఒకరు చెప్పి వెళ్లాక ఇంకొకరు రావడం నాకు ఇష్టం లేదు. ప్రశ్నపత్రం ఎలా ఇచ్చారు, ఇంటర్నల్ మార్కులు ఎవరు వేశారు, తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకు చదవడానికి ఏమిచ్చారు, ల్యాబ్ ముఖం చూడని బీకాం విద్యార్థితో నీటి పరీక్ష చేయించవచ్చా? చేసి చూసినవాళ్లు చెప్పండి.

హెచ్ఈపీ_పాత_బ్యాచ్
ఈ పేరు రాకముందు కూడా మనకు ఉన్నది అదే కదా! నేను చదివింది హెచ్ఈపీ. చరిత్ర, ఆర్థిక శాస్త్రం, రాజనీతి శాస్త్రం మూడూ సమానంగా చదివాం. గ్రూప్స్ రాసినా, బీఈడీలో చేరినా, పీజీకి మూడింటిలో ఏది పట్టుకున్నా ఇబ్బంది ఉండేది కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి ఒకే సబ్జెక్టును ప్రధానంగా చదివే సింగిల్ మేజర్ వచ్చింది. మా అమ్మాయికి ఒక మేజరు, ఒక మైనరు. రేపు డీఎస్సీలో స్కూల్ అసిస్టెంటు పోస్టుకు డిగ్రీలో ఫలానా సబ్జెక్టులు ఉండాలంటే మైనరును లెక్కలోకి తీసుకుంటారా అని కాలేజీలో అడిగాం. ఒకరు తీసుకుంటారన్నారు, ఒకరు జీవో చూడాలన్నారు. పిల్లల ఉద్యోగ అర్హత ముందు తేల్చండి. నీళ్ల పేపరు సంగతి తర్వాత చూడవచ్చు.

పాఠ్యప్రణాళిక_నిపుణుడు
ఏళ్ల తరబడి బోర్డ్ ఆఫ్ స్టడీస్ (సిలబస్ ఆమోదించే బోర్డు) సమావేశాల్లో కూర్చున్నవాడిగా చెబుతున్నాను. మూడు సబ్జెక్టులను మూడు పీరియడ్లలో, ఒకరి మాట ఒకరికి తెలియని ముగ్గురి దగ్గర చదివితే అది అంతర్విభాగ చదువు కాదు. హెచ్ఈపీలో అశోకుడి ధర్మం గురించి చెప్పిన మాస్టారు, పన్నుల గురించి చెప్పిన మాస్టారు ఒకే ప్రశ్న మీద ఎప్పుడైనా కలిసి మాట్లాడారా?

ఇక సూర్యాపేట గారికి. యూజీసీ (విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం) 2022 డిసెంబరులో ఇచ్చిన డిగ్రీ చట్రం చదవండి. మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు. అందులో మేజరుకు 60, మైనరుకు 24, మల్టీడిసిప్లినరీకి 9. ఈ తొమ్మిది ఉన్నది విద్యార్థికి తనది కాని శాస్త్రాన్ని పరిచయం చేయడానికి. పన్నెండో తరగతిలో చదివిన సబ్జెక్టును ఇందులో మళ్లీ తీసుకోకూడదన్న నిబంధన కూడా ఉంది. మీ పేపరులో సగం కెమిస్ట్రీ. ఇంటర్లో ఎంపీసీ, బైపీసీ చదివిన పిల్లలను ఏం చేస్తారు? సిలబస్ రాయడం సులువు, నిబంధనలో ఇమడ్చడం కష్టం.

వనజ_బోటనీ
నిపుణుడు గారు చెప్పిన నిబంధన నిజమే. కానీ అందరికీ ఉమ్మడి పేపరు మనకు కొత్త కాదు. పర్యావరణ విద్య ఎలా వచ్చిందో గుర్తు తెచ్చుకోండి. సుప్రీంకోర్టు ఆదేశాల మీద యూజీసీ 2003లో ఆరు నెలల సిలబస్ ఇచ్చి, అన్ని డిగ్రీలకూ తప్పనిసరి చేసింది. అందులో క్షేత్ర సందర్శన కూడా ఉంది. ఊరి చెరువు చూడాలి, చెట్లూ పురుగులూ పక్షులూ గుర్తుపట్టాలి. ఎంత మంచి ఆలోచన! కాలేజీల్లో జరిగిందేమిటి? ఎవరికి పీరియడ్లు తక్కువ పడితే వారికి అంటగట్టారు. సంస్కృతం చెప్పే ఆయన ఓజోన్ పొర గురించి గైడు చూసి చదివించారు. క్షేత్ర సందర్శన రికార్డు పుస్తకాల్లో మాత్రమే జరిగింది. అందుకే సూర్యాపేట గారూ, సిలబస్ మొదటి పేజీలోనే ఎవరు బోధించాలో రాయించండి. లేకపోతే మీరు బదిలీ అయిన మరుసటి ఏడాది మీ "నీరు" పేపరు కూడా టైంటేబుల్‌లో ఖాళీ పూడ్చడానికే పనికొస్తుంది.

అర్థశాస్త్రం_తెనాలి
ఇద్దరూ ఒకేసారి క్లాసులో ఉంటే పని గంటలు ఎవరి ఖాతాలో పడతాయి? మూడు క్రెడిట్లంటే సెమిస్టరుకు 45 గంటలు. ఇద్దరికీ 45 వేస్తారా, సగం సగం వేస్తారా? యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసరు వారానికి 16 గంటలు నేరుగా బోధించాలి. మా దగ్గర సగం సగం వేశారు. నాకు గంటలు తగ్గాయని చెప్పి ఇంకో సెక్షన్ ఇచ్చారు. ఆ పేపరు తయారీకి మామూలు పేపరుకంటే ఎక్కువ సమయం పట్టింది, లెక్కలో మాత్రం సగమే కనబడింది.

పాఠ్యప్రణాళిక_నిపుణుడు
సగమే న్యాయం. ఒక పీరియడుకు ప్రభుత్వం రెండు జీతాలు ఎందుకివ్వాలి?

అర్థశాస్త్రం_తెనాలి
రెండో మనిషి గోడకు ఆనుకుని నిలబడటానికి రాలేదండీ. బోరు తవ్వుకునే స్తోమత ఎవరికి ఉంది, ఎవరికి లేదు అని నేను మాట్లాడుతుంటే, ఎంత లోతుకు పోతే నీటి గుణం ఎలా మారుతుందో జియాలజీ సార్ అక్కడికక్కడే చెప్పారు. పిల్లలు ఆయన్నూ నన్నూ ఒకేసారి ప్రశ్నించారు. మేమిద్దరం ఒకరితో ఒకరం విభేదించాం కూడా. పాఠమంటే అదే. దానికి సగం గంట విలువ కట్టడం అవమానం.

పాఠ్యప్రణాళిక_నిపుణుడు
భావోద్వేగంతో టైంటేబుల్ నడవదు. మాడ్యూళ్లు విడగొట్టండి. మొదటి మూడు వారాలు ఒకరు, తర్వాతి మూడు మరొకరు. లెక్క సరిపోతుంది.

వనజ_బోటనీ
అలా విడగొడితే అది మీరే కాదన్న హెచ్ఈపీ అవుతుంది నిపుణుడు గారూ! ముగ్గురూ ఒకరి మాట ఒకరు వినకుండా చెప్పిపోతారని ఆ పాత బ్యాచ్ ఆయన్ను మందలించింది మీరే కదా.

హెచ్ఈపీ_పాత_బ్యాచ్
వనజ మేడం, ధన్యవాదాలు. నేనూ అదే అడగబోయాను. డీఎస్సీ సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.

గంటకింత_గెస్ట్
మీరంతా రెగ్యులర్ అధ్యాపకులు. పని గంటలు తగ్గితే మీకు ఇంకో సెక్షన్ వస్తుంది, నాకు జీతం తగ్గుతుంది. నేను గెస్ట్ లెక్చరర్‌ను, చెప్పిన పీరియడుకే డబ్బు. కలిసి బోధించే క్లాసులో రిజిస్టరు మీద సంతకం ఒక్కరిదే ఉండాలన్నారు. ఆ సంతకం రెగ్యులర్ సార్‌ది. సెమిస్టరంతా నేను క్లాసులోనే ఉన్నాను, పాఠంలో సగం నాదే, బిల్లులో నా పేరు లేదు. సగం న్యాయమా, మొత్తం న్యాయమా అని మీరు వాదించుకుంటుంటే ఒళ్లు మండుతోంది. కొత్త పద్ధతి ఏది వచ్చినా ముందు మోసేది మాలాంటివాళ్లే.

పాఠ్యప్రణాళిక_నిపుణుడు
అది పాఠ్యప్రణాళిక సమస్య కాదు, పరిపాలన సమస్య. రెండూ కలపకండి.

గంటకింత_గెస్ట్
ఎవరు బోధిస్తారో, వారికి ఎవరు డబ్బిస్తారో రాయకుండా తయారైన కాగితాన్ని పాఠ్యప్రణాళిక అనడానికి నాకు నోరు రావడం లేదు. ఏళ్ల తరబడి సమావేశాల్లో కూర్చున్నారు కదా, గెస్ట్ లెక్చరర్‌ను ఒక్కరినైనా ఎప్పుడైనా పిలిచారా?

ట్రిపుల్ఐటీ_సీఎల్‌డీ
ఇంత నిరాశ ఎందుకండీ? హైదరాబాద్ ట్రిపుల్ఐటీలో నేను కంప్యుటేషనల్ లింగ్విస్టిక్స్‌లో ఐదేళ్ల డ్యూయల్ డిగ్రీ చేశాను. బీటెక్‌తో పాటు పరిశోధనతో ఎంఎస్. పాణిని కారకాలను, అంటే క్రియతో పదాలకుండే సంబంధాలను, ఆధారం చేసుకుని వాక్యాలను విశ్లేషించే పద్ధతి అక్కడ దశాబ్దాలుగా నడుస్తోంది. తెలుగు సంధులను ప్రోగ్రాముతో విడగొట్టాలంటే వ్యాకరణం తెలియాలి, అల్గారిథమూ తెలియాలి. ఒకటి వదిలితే రెండోది ముందుకు కదలదు. ఇంటర్లో వ్యాకరణాన్ని మార్కుల కోసం బట్టీ పట్టిన నేను అక్కడ చిన్నయసూరిని ఇష్టంగా చదివాను. రెండు శాస్త్రాలూ ఒకే సమస్యకు అవసరమైతే ఎవరూ బలవంతంగా కలపనక్కరలేదు. డిగ్రీ కాలేజీలు కూడా పరిశోధన సమస్యతో మొదలుపెట్టాలి.

అర్థశాస్త్రం_తెనాలి
బాగుంది, సంతోషం. కానీ మీ దగ్గర ఒక అధ్యాపకుడి చేతి కింద ఎంతమంది ఉంటారు, మా దగ్గర ఒక సెక్షన్‌లో ఎంతమంది ఉంటారు? మా లైబ్రరీలో భాషాశాస్త్రం పుస్తకాలు ఒక అర కూడా నిండవు.

ట్రిపుల్ఐటీ_సీఎల్‌డీ
వనరులు తక్కువని ఆలోచన కూడా తక్కువగా ఉండాలా సార్?

జేఎన్టీయూ_అఫిలియేటెడ్
ఇంజనీరింగ్ వైపు నుంచి ఒక మాట. 2018లో ఏఐసీటీఈ (సాంకేతిక విద్యా మండలి) మోడల్ కరికులం బీటెక్‌ను 160 క్రెడిట్లకు తెచ్చింది. ఇంకో 18 నుంచి 20 క్రెడిట్లు అదనంగా చేస్తే వేరే శాఖలో మైనరు. మెకానికల్ పిల్లలు చాలామంది తీసుకునేది కంప్యూటర్ సైన్స్ మైనరే. సివిల్ వాళ్లూ అంతే. కంప్యూటర్ సైన్స్ వాళ్లు మాత్రం సివిల్ మైనరు అడగరు. రాకపోకలు ఒకే దిక్కున సాగుతుంటే దాన్ని శాఖల కలయిక అనలేం. ప్లేస్‌మెంట్ భయం అది. రాజ్యాంగం, పర్యావరణం క్రెడిట్ లేని తప్పనిసరి పేపర్లుగా పెట్టారు. మార్కు లేని పేపరుకు మా దగ్గర హాజరే ఉండదు.

రసాయనం_సూర్యాపేట
నేను అడిగినవాటికి జవాబులు తక్కువే వచ్చాయి, అయినా చాలా తెలిసింది. నిపుణుడు గారి నిబంధన ప్రశ్నకు నా జవాబు: ఇందులో రసాయన శాస్త్రం ఇంటర్లో చదివింది కాదు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకు అనుమతించవచ్చని భారతీయ ప్రమాణం. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించింది. దాన్నే నల్లగొండ టెక్నిక్ అంటారు. ల్యాబ్‌లో అది పనిచేస్తుంది. ఊళ్లో మాత్రం పటిక రోజూ ఎవరు కొనాలి, అడుగున మిగిలిన మడ్డి ఎక్కడ పారబోయాలి, ఆపరేటరుకు జీతం ఎవరివ్వాలి అన్న ప్రశ్నలు వస్తాయి. వాటికి నా కెమిస్ట్రీలో జవాబు లేదు. తెనాలి సార్ లాంటివారి దగ్గర ఉంది.

ఇంకొకటి. జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1973లో మోకాళ్లు లోపలికి వంగిపోయిన యువకుల గురించి ప్రచురించారు. ఫ్లోరైడ్ ఒక్కటే కారణమైతే అన్నిచోట్లా అలాగే ఉండాలి కదా! జొన్న ప్రధాన ఆహారం కావడం, అందులో మాలిబ్డినం అనే లోహం మోతాదు, నాగార్జునసాగర్ వచ్చాక పైకి లేచిన భూగర్భ జలం, మారిన నేల గుణం, వీటన్నిటినీ ఆ సంస్థ వాళ్లు కలిపి చూడాల్సి వచ్చింది. వైద్యం, నేల, పంట, ఆనకట్ట ఒక్క మోకాలి దగ్గర కలిశాయి. ఈ పాఠాన్ని మాడ్యూళ్లుగా కోయడం నాకు చేతకాదు, చేయను.

పొదిలి_వాసి
అంతా నల్లగొండ అంటారు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను వైద్య పత్రికలో మొదట నమోదు చేసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. మా దర్శి, పొదిలి ప్రాంతాలు అప్పట్లో ఆ జిల్లాలోనివే. మా తాతల తరం నుంచి గారపళ్లు, వంగిన నడుములు చూస్తున్నాం. సిలబస్‌లో మా పేరు కూడా రాయండి సార్.

రసాయనం_సూర్యాపేట
తప్పకుండా. చరిత్ర భాగం అక్కడి నుంచే మొదలుపెడతాను.

హెచ్ఈపీ_పాత_బ్యాచ్
ఉద్దానం కూడా చేర్చండి. కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇప్పటికీ తేలలేదు. జవాబు తెలియని ప్రశ్న ఒకటి సిలబస్‌లో ఉంటే పిల్లలు గైడు కొనలేరు.

పాఠ్యప్రణాళిక_నిపుణుడు
సరే, కోర్సు ఉద్దేశాల్లో "పరిచయం" అన్న మాట ఉంచి, ఇంటర్ కెమిస్ట్రీతో పోలిక లేదని పట్టికలో చూపండి. బోర్డు ఒప్పుకుంటుంది. పని గంటల విషయంలో నా మాట మారదు.

గంటకింత_గెస్ట్
నాదీ మారదు.

వనజ_బోటనీ
ప్రశ్నపత్రం గురించి. మేము పరీక్ష హాల్లోనే వేర్వేరు బోర్ల నీటి పరీక్ష ఫలితాలు, ఊరి పటం, పంచాయతీ బడ్జెట్ కాగితం ఇచ్చాం. ఏ బోరు మూయాలి, బదులు నీరు ఎక్కడి నుంచి తేవాలి, ఖర్చు ఎవరు భరించాలి అని అడిగాం. జవాబు తెలుగులో రాసినా ఇంగ్లీషులో రాసినా సరే. ఇద్దరం విడివిడిగా మార్కులు వేసి, తేడా ఎక్కువగా వస్తే కూర్చుని మాట్లాడుకున్నాం. బీకాం పిల్లలకు రంగు పోల్చి చూసే ఫీల్డ్ కిట్ చాలు, ల్యాబ్ అక్కరలేదు. మా సెక్షన్‌లో బడ్జెట్ కాగితంలోని తప్పును పట్టుకున్నది బీకాం విద్యార్థులే. ఆ ప్రశ్నపత్రం స్కాన్ చేసి రేపు ఇక్కడే పెడతాను. మీ బోర్డు సమావేశం లోపు చూసి, నీటి లెక్కల్లో ఏమైనా సరిచేయాలంటే చెప్పండి.