తాతయ్య బడి కాగితం ఉర్దూలో ఉంది, వర్ని వైపు క్యాంపుల్లో అప్పట్లో చదువులెలా ఉండేవి?

తెనాలి_టు_వర్ని:
మా తాతయ్య వాళ్లు తెనాలి దగ్గర్నుంచి వచ్చి నిజామాబాద్ జిల్లాలో నిజాంసాగర్ కాలవ కింద వర్ని వైపు భూములు కొనుక్కున్నారట, అప్పటికాయన చిన్నపిల్లాడు. మొన్న ట్రంకుపెట్టెలో ఆయన బడి కాగితం దొరికింది, మొత్తం ఉర్దూ, చదివించుకుంటే 1352 అని ఉందన్నారు. 1352 ఏంటండీ?? తెలుగోళ్లకి ఉర్దూ బడి ఎందుకు, అసలు క్యాంపుల్లో, అంటే మాలాగా వలసొచ్చినోళ్లు కట్టుకున్న ఊళ్లలో, బడులుండేవా?

కాలవగట్టు:
అది ఫసలీ సంవత్సరం అండీ, నైజాం సర్కారు వాడిన ఏళ్ల లెక్క. 590 కలిపితే 1942, ఏడాది అక్టోబర్‌లో మొదలయ్యేది కాబట్టి 1942-43 అనుకోండి. అక్కడ సర్కారు భాష ఉర్దూ, 1918లో ఉస్మానియా యూనివర్సిటీ పెట్టిందే ఉర్దూ మీడియంలో, ఇక కింద హైస్కూళ్లూ అదే దారి. చిన్న క్లాసుల్లో తెలుగు కొంత నడిచినా పైకెళ్లాలంటే ఉర్దూ రాక తప్పదు. కాగితం మీద తహతానియా అనుంటే ప్రైమరీ, వస్తానియా అయితే మిడిల్, ఫౌఖానియా అయితే హైస్కూల్. చూసి చెప్పండి.

క్యాంపు_పిల్ల:
మాదీ బోధన్ దగ్గర క్యాంపే. 1931కి డ్యామ్ అయిపోయి నీళ్లొచ్చాయి, అక్కడ ఎకరం అమ్మితే ఇక్కడ చాలా వచ్చేదని గుంటూరు, కృష్ణా నుంచి వచ్చేశారు. ముందు పాకలు, తర్వాత రామాలయం, ఆ గుడి అరుగు మీదే మా నాయనమ్మ వాళ్ల బడి. పంతుల్ని సొంతూరు నుంచే తెచ్చుకున్నారు, నెలజీతం ఏం లేదు, కోతలయ్యాక ఇంటికిన్ని వడ్లు కొలిచేవాళ్లు, చెప్పేది గుణింతాలు, ఎక్కాలు అంతే. సొంతంగా బడి పెట్టాలంటే సర్కారు పర్మిషన్ కావాలని 1920ల్లోనే రూల్ తెచ్చారు కదా, అందుకని చప్పుడు చేయకుండా నడిపారట. ఉన్నోళ్లు కొడుకుల్ని అమ్మమ్మగారింటికి పంపి చదివించారు, ఆడపిల్లలకి అరుగే గతి. ఎక్కాల్లో మాత్రం నాయనమ్మ ఇప్పటికీ నన్ను ఓడిస్తుంది 😄

ఇందూరోడు:
సెట్లర్లు రాకముందు ఇక్కడ ఏం లేనట్టే చెప్తరు అందరు. మా ఊర్లల్ల కానిగి బడులు, అంటే సర్కారుయి గాని ప్రైవేటు బడులు, ముందునుంచే ఉన్నయి, అయ్యవారు ఇసుక పోసి అక్షరాలు దిద్దిచ్చేటోడు. డ్యామ్‌ల ఊర్లు మునిగినోళ్లు, భూములు అగ్గువకు అమ్ముకున్నోళ్లు మా తాతలే. తెలుగుల చదువు చెప్పాలని 1930ల జోగిపేట నుంచి అడిగింది ఆంధ్ర మహాసభ, 1937ల మా నిజామాబాద్‌ల గూడ సభ పెట్టిన్రు, పేరుకు ఆంధ్ర గని మనుషులు తెలంగాణోళ్లే. ఇగ మీ అరుగు మీద కూలోళ్ల పిల్లలు ఎంతమంది కూసున్నరో నాయనమ్మను జర అడుగు చెల్లె.

క్యాంపు_పిల్ల:
అడిగానన్నా. వాళ్లు గొడ్ల వెంట పోయేవాళ్లు, మాతో ఎక్కడ కూర్చుంటారు అంది, మామూలు విషయంలాగే చెప్పింది. 1948 పోలీస్ యాక్షన్ తర్వాత సర్కారు తెలుగు బడి వచ్చాకే అందరూ ఒకచోట చదివారట, అది కూడా వెంటనే కాదంట.

తెనాలి_టు_వర్ని:
వస్తానియా అనే ఉందండీ! మరి క్యాంపులో మిడిల్ స్కూల్ ఉండదుగా, బోధన్‌లో చదివుంటాడా?

కాలవగట్టు:
సీలు ఉంటే అది కూడా చదివించండి, ఊరి పేరు అందులో దొరకొచ్చు. ఆ బడి ఇప్పటికీ నడుస్తుంటే హెడ్మాస్టర్ని పాత అడ్మిషన్ రిజిస్టర్ అడగండి, సెలవులు రాకముందే వెళ్లండి.