జీలకర్ర బెల్లమా, తాళా, ఏడడుగులా? పెళ్లి ఎప్పుడైనట్టు?

గాజువాక బుల్లోడు: మొన్న మా చెల్లి పెళ్లి, సింహాచలం కొండ కింద ఫంక్షన్ హాల్లో. ముహూర్తం రాత్రి 2:47. టైముకి తెరసెల్ల పట్టి జీలకర్ర బెల్లం పెట్టించేశారు గానీ తాళి దగ్గర ఫొటోగ్రాఫర్ యాంగిల్ రాలేదని రెండుసార్లు ఆపించాడు, మూడో ముడి పడేసరికి మూడున్నర. ముహూర్తం దాటించేశారని పెదనాన్న ఒకటే గోల. పంతులుగారేమో ముహూర్తం జీలకర్ర బెల్లానికే బాబూ, అప్పుడే అయిపోయింది అంటారు. మరి తాళి ఏటి, ఉత్తినే కట్టామా?

పెదవాల్తేరు పిన్ని: పంతులుగారే రైటు బాబూ. తమిళోళ్లకి తాళి ముహూర్తం, మనకి నడినెత్తిన ఆ ముద్ద. రెండూ కలిసిపోయి మళ్లీ విడదీయలేనట్టు ఉండాలనే కదా అది. నా పెళ్లిలో మా ఆయన చెయ్యి వణికి బెల్లం చెవి మీదకి కారింది, మూడు తలస్నానాలయ్యాక కూడా దువ్వెనకి జీలకర్ర తగిలేది 😄

కోర్టు పక్షి: ఇద్దరూ కాదండి. 1955 హిందూ వివాహ చట్టం సెక్షన్ 7 చూడండి, మీ ఆచారంలో సప్తపది ఉంటే ఏడో అడుగు పడ్డాకే పెళ్లి పూర్తయినట్టు. లేనోళ్లకి వాళ్ల ఆచారం చాలు. తంతు జరక్కుండా ఉత్త సర్టిఫికెట్ ఉంటే అది హిందూ వివాహం కాదని 2024లో సుప్రీంకోర్టు కూడా అంది. పెళ్లి లాంటి ఇంటి తంతులు చెప్పే పాత గృహ్యసూత్రాల్లో పాణిగ్రహణం (వరుడు వధువు చెయ్యి పట్టుకోవడం), సప్తపది ఉన్నాయి, తాళి కట్టడం లేదు.

పెదవాల్తేరు పిన్ని: సూత్రాల్లో లేకపోతే? మా అమ్మ మెళ్లో పసుపుతాడు చూసి పెరిగాం, దాన్ని తీసిపారేస్తారా. అయినా పెళ్లి చేసేది లాయర్లేటి?

కోర్టు పక్షి: తీసెయ్యమనలేదు పిన్నీ. మీ జీలకర్ర బెల్లం కూడా వాటిల్లో లేదు మరి 🙂

గాజువాక బుల్లోడు: అయ్యబాబోయ్, సప్తపది టైముకి ఎవరున్నారనుకున్నారు? జనమంతా ఎప్పుడో భోంచేసి వెళ్లిపోయారు, ఉన్నోళ్లు కుర్చీల్లో గుర్రు పెడుతున్నారు, ఫొటోగ్రాఫర్ బ్యాటరీలు చార్జింగ్ పెట్టుకుని టీకి పోయాడు. నేనూ, మా అమ్మమ్మా, అంతే. ఏడో అడుగు దగ్గర పంతులుగారు "సఖా సప్తపదా భవ" అని చదివి, ఏడడుగులు నడిచావు కదా ఇక స్నేహితురాలివి అని అర్థం చెప్తుంటే చెల్లి పట్టుచీర కుచ్చిళ్లు కాలికి అడ్డం పడ్డాయి, బావ వొంగి సర్దాడు. అది ఒక్క ఫొటోలో లేదు. తాళివి మాత్రం నలభై ఉన్నాయి.

పెదవాల్తేరు పిన్ని: పోన్లే, నువ్వు చూశావు కదా. పెదనాన్న చల్లబడ్డారా?

గాజువాక బుల్లోడు: ఎక్కడ! సత్యనారాయణ వ్రతానికి కూడా రాలేదు. కోర్టు పక్షి గారూ, ఆ సెక్షనేదో తెలుగులో ఉంటే పంపండి, వాట్సాప్‌లో పెడతాను.