అమెరికా కళాశాల ఫుట్‌బాల్: పెద్ద జట్ల ఆదాయం, చిన్న జట్ల అవస్థ – మీ అనుభవాలు చెప్పండి

ఒహాయో తండ్రి:
మా అబ్బాయి ఒహాయోలో, మిడ్-అమెరికన్ కాన్ఫరెన్స్ అనే చిన్న జట్ల కూటమిలో ఆడే ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్. చదువుతున్నాడు. ఈ సెమిస్టర్ బిల్లులో ట్యూషన్ ఫీజు కాకుండా ‘జనరల్ ఫీజు’ అనే పద్దు ఉంది. అది దేనికి ఖర్చవుతుందో బడ్జెట్ పత్రంలో వెతికితే, అందులో పెద్ద భాగం క్రీడా విభాగానికి, ముఖ్యంగా ఫుట్‌బాల్ జట్టుకు వెళ్తున్నట్టు కనిపించింది. వరంగల్‌లో ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన విద్యారుణంలోంచి, ఒక్క ఆటకైనా వెళ్లే తీరిక లేని పిల్లవాడు ఈ సొమ్ము కడుతున్నాడు. అదే రాష్ట్రంలో, కొలంబస్‌లోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం క్రీడా విభాగం ఆదాయం ఇటీవలి సంవత్సరాల్లో ఏటా 25 కోట్ల డాలర్లు దాటింది. అక్కడ ఆటల కోసం విద్యార్థుల నుంచి ఫీజు తీసుకోరు. ఒకే రాష్ట్రంలో, ఒకే ఆటలో ఇంత తేడా ఎందుకు వచ్చింది? మీరున్న చోట పరిస్థితి ఎలా ఉంది?

మిషిగన్ వాసి:
ఈ తేడాకు మూలం టీవీ ప్రసార హక్కులు. 1984 వరకు ఏ ఆట టీవీలో రావాలో, ఒక జట్టు ఎన్నిసార్లు కనిపించవచ్చో కళాశాల క్రీడలను పర్యవేక్షించే ఎన్.సి.ఎ.ఎ. సంస్థే నిర్ణయించేది. ఓక్లహోమా, జార్జియా విశ్వవిద్యాలయాల పక్షాన వేసిన దావాలో అమెరికా సుప్రీంకోర్టు 7-2 తీర్పుతో ఆ పెత్తనాన్ని కొట్టివేసింది. విభేదించిన ఇద్దరు న్యాయమూర్తుల్లో ఒకరైన బైరన్ వైట్ తన కాలంలో పేరుమోసిన ఫుట్‌బాల్ ఆటగాడు కావడం నాకు ఎప్పుడూ ఆలోచించదగిన సంగతిగా తోస్తుంది. ఆ తీర్పు తర్వాత జనం ఎక్కువగా చూసే జట్లు ఒకచోట చేరి, కాన్ఫరెన్స్‌ల పేరిట తమ హక్కులు తామే అమ్ముకోవడం మొదలుపెట్టాయి. 2022లో బిగ్ టెన్ కాన్ఫరెన్స్ ఫాక్స్, సి.బి.ఎస్., ఎన్.బి.సి. టీవీ సంస్థలతో కుదుర్చుకున్న ఏడేళ్ల ఒప్పందం విలువ సుమారు 700 కోట్ల డాలర్లు.

జాతీయ విజేతను తేల్చే ప్లేఆఫ్ పోటీల సొమ్ము పంపకం చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. 2026 నుంచి ఆరేళ్లకు క్రీడా ఛానెల్ ఇ.ఎస్.పి.ఎన్. సుమారు 780 కోట్ల డాలర్లు ఇస్తుంది. అందులో బిగ్ టెన్, ఎస్.ఇ.సి. అనే రెండు పెద్ద కాన్ఫరెన్స్‌లు కలిసి సగానికి పైగా తీసుకుంటాయి. ‘గ్రూప్ ఆఫ్ ఫైవ్’ అని పిలిచే చిన్న కాన్ఫరెన్స్‌లన్నిటికీ కలిపి దక్కేది సుమారు 9 శాతం. విడివిడిగా లెక్కిస్తే, ఆ రెండు పెద్ద కాన్ఫరెన్స్‌ల్లోని ఒక్కో విశ్వవిద్యాలయానికి ఏటా 2 కోట్ల డాలర్లకు పైగా వస్తుంటే, మీ అబ్బాయి చదువుతున్న తరహా విశ్వవిద్యాలయానికి 20 లక్షల లోపే వస్తుంది. వడ్డించేవారు తమవారైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. ఇక్కడ గరిటె పట్టుకున్నవారే మొదటి బంతిలోనూ కూర్చున్నారు.

పద్దుల ఉద్యోగి:
ఒక చిన్న విశ్వవిద్యాలయం క్రీడా విభాగంలో లెక్కలు చూసిన అనుభవంతో చెబుతున్నాను. మాకు టీవీ కంటే ముఖ్యమైన ఆదాయం ‘గ్యారంటీ గేమ్’. పెద్ద జట్టు తన మైదానంలో సులువుగా గెలవడానికి మా జట్టును పిలిచి, ఇంత అని రొక్కం ఇస్తుంది. ఒప్పందం కొద్ది పేజీలే ఉంటుంది: ఏ తేదీలోగా డబ్బు చెల్లించాలి, మాకు ఎన్ని టికెట్లు ఇవ్వాలి, ఎవరు విరమించుకుంటే ఎంత నష్టపరిహారం కట్టాలి. సెప్టెంబర్‌లో ఆడబోయే ఆట డబ్బు జూలై బడ్జెట్‌లోనే బస్సులకు, ఫిజియోథెరపిస్టుల జీతాలకు, మహిళల సాకర్ జట్టు ప్రయాణాలకు రాసేసి ఉండేది. మా ఫుట్‌బాల్ పిల్లలు మైదానంలో దెబ్బలు తింటేనే మిగతా క్రీడలు నడుస్తాయన్న సంగతి ఆ పట్టికలో స్పష్టంగా కనిపించేది. అది నన్ను చాలా బాధపెట్టేది, ఇప్పటికీ బాధపెడుతోంది.

అప్పుడప్పుడు లెక్క తిరగబడుతుంది. 2007లో 4 లక్షల డాలర్లకు మిషిగన్‌కు వెళ్లిన అపలాచియన్ స్టేట్ 34-32తో గెలిచింది. 2024లో 14 లక్షల డాలర్లకు నోటర్ డామ్ వెళ్లిన నార్తర్న్ ఇల్లినాయ్ 16-14తో గెలిచింది. ఈ విజయాలను చూపించి ‘డబ్బు అన్నీ తేల్చదు’ అనేవారితో నేను ఏకీభవించను. అపలాచియన్ స్టేట్ అప్పుడు ఆడిన దిగువ శ్రేణిలో స్కాలర్‌షిప్‌ల పరిమితి 63, మిషిగన్‌కు 85. చివరి క్వార్టర్‌లో అలసిన ఆటగాడి స్థానంలోకి ఎవరు వస్తారన్నదే చాలా ఆటల ఫలితాన్ని నిర్ణయిస్తుంది.

మరొక మాట. నవంబర్‌లో మిడ్-అమెరికన్ జట్లు మంగళ, బుధవారాల రాత్రుల్లో ఆడతాయి, ఎందుకంటే శనివారం టీవీ సమయం పెద్ద జట్లదే. చలిలో, మర్నాడు తరగతులుండగా విద్యార్థులు రారు కాబట్టి, టీవీలో కనిపించినందుకు టికెట్ల ఆదాయం వదులుకోవాలి.

పల్మన్ పూర్వ విద్యార్థి:
చిన్న జట్టుగా పుట్టినవారి సంగతి చెప్పారు; రాత్రికి రాత్రి చిన్న జట్టుగా మారినవారి సంగతి నేను చెబుతాను. నేను చదివిన, పల్మన్‌లోని వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయం పసిఫిక్-12 కాన్ఫరెన్స్‌లో ఉండేది. 2022లో యు.ఎస్.సి., యు.సి.ఎల్.ఎ. బిగ్ టెన్‌కు వెళ్తామన్నాయి; 2023 ఆగస్టులో ఒరెగాన్, వాషింగ్టన్ అదే దారి పట్టాయి; తక్కినవి బిగ్ 12, ఎ.సి.సి. అనే వేరే కాన్ఫరెన్స్‌లకు వెళ్లగా, చివరికి ఒరెగాన్ స్టేట్, మేము మాత్రమే మిగిలాం. గోధుమ పొలాల నడుమ ఉన్న పల్మన్‌కు పెద్ద టీవీ మార్కెట్ లేకపోవడమే మా లోపం. కాన్ఫరెన్స్ నిధులపై అధికారం కోసం రెండు విశ్వవిద్యాలయాలూ కోర్టులో గెలిచినా, వెళ్లిపోయిన ప్రసార ఆదాయం తిరిగి రాలేదు. 2024 సీజన్ ముగియగానే కోచ్ జేక్ డికర్ట్ వేక్ ఫారెస్ట్‌కు, జట్టు ఆటను నడిపించే క్వార్టర్‌బ్యాక్ జాన్ మటీర్ ఓక్లహోమాకు వెళ్లారు. వారిని తప్పు పట్టను. కానీ మేము తీర్చిదిద్దిన ఆటగాడిని ధనిక జట్టు తీసుకువెళ్తే మాకు పరిహారంగా ఏమీ దక్కదు.

డాలస్ నివాసి:
పెద్ద జట్ల ఫుట్‌బాల్ ఆదాయంతోనే ఈత, కుస్తీ, జిమ్నాస్టిక్స్ వంటి ఒలింపిక్ క్రీడలు బతుకుతున్నాయన్నది మరువరాదు. అయితే 2023లో టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయం కోచ్ జింబో ఫిషర్‌ను తొలగించి, ఒప్పందంలో మిగిలిన కాలానికి సుమారు 7.6 కోట్ల డాలర్లు ఇవ్వడానికి సిద్ధపడినప్పుడు ఆ వాదన మీద నాకే నమ్మకం సడలింది. ఆటగాళ్లు వేసిన దావాలో కుదిరి, 2025 జూన్‌లో కోర్టు ఆమోదం పొందిన ‘హౌస్’ ఒప్పందం ప్రకారం ఒక విశ్వవిద్యాలయం 2025-26లో తన ఆటగాళ్లకు నేరుగా 2.05 కోట్ల డాలర్ల దాకా చెల్లించవచ్చు. ఆటగాళ్లకు న్యాయంగా రావలసిన డబ్బు అది. పెద్ద జట్లు ఆ పరిమితి వరకు చెల్లించగలవు. చిన్న జట్లు ఫీజు పెంచాలి, లేదా వెనకబడాలి.

ఒహాయో తండ్రి:
అందరికీ ధన్యవాదాలు. ఏ విశ్వవిద్యాలయం ఎంత ఫీజు ఆటలకు మళ్లిస్తోందో, చేరకముందే తెలుసుకునే మార్గం ఉందా? మా తమ్ముడి కూతురు వచ్చే ఏడాది దరఖాస్తు చేయబోతోంది.

మిషిగన్ వాసి:
ఉందండి. నైట్-న్యూహౌస్ కళాశాల క్రీడల డేటాబేస్ ఉచితంగా చూడవచ్చు. విశ్వవిద్యాలయం పేరు ఎంచుకుంటే ప్రసార హక్కులు, టికెట్లు, విరాళాలు, విద్యార్థుల ఫీజులు ఏ పాళ్లలో ఉన్నాయో ఏడాదివారీగా కనిపిస్తుంది. అందులో ‘స్టూడెంట్ ఫీజులు’తో పాటు ‘సంస్థాగత మద్దతు’ను కూడా కలిపి చూడండి, ఎందుకంటే కొన్ని చోట్ల ఫీజు తక్కువగా చూపి, ఆ లోటును విశ్వవిద్యాలయం సాధారణ నిధితో పూడుస్తారు. ప్రైవేటు విశ్వవిద్యాలయాల వివరాలు అందులో దొరకవు; అలాంటి చోట బిల్లులోని పద్దుల వివరణను అడ్మిషన్ల కార్యాలయాన్నే రాతపూర్వకంగా అడగమని అమ్మాయికి చెప్పండి.