జెండా పండుగ ఒక్కటే చేస్తే ఆగస్టు 15 చాలా? జనవరి 26 మానేయవచ్చా?

సీతమ్మధార నివాసి:
మా అపార్ట్‌మెంట్ మీటింగులో ఒక మాట వచ్చింది. ఏడాదికి రెండుసార్లు జెండా పండుగ ఎందుకు, ఆగస్టు 15 ఒక్కటే ఘనంగా చేద్దాం అన్నారు. జనవరి 26 నాటికి సంక్రాంతికి ఊళ్లకెళ్లి వచ్చిన బడలిక, ఖర్చు ఇంకా తీరవు. కిందటిసారి పదకొండు మందే కిందికి దిగారు. నాకూ ఆ మాట సబబే అనిపించింది. స్వాతంత్ర్యం వచ్చిన రోజును మించిన రోజేముంటుంది?

కంచరపాలెం కుర్రాడు:
నాదీ అదే మాట. జనవరి 26 అంటే ఢిల్లీ పరేడ్, టీవీలో చూస్తాం. బీచ్ రోడ్డులో నేవీ విన్యాసాలు చూసినప్పుడు పులకరించినట్టు ఆ రోజు మనసు కదలదు.

అనంతగిరి దారి:
నేను ఒప్పుకోలేనండీ. 1947 ఆగస్టు 15న తెల్లదొరల పాలన పోయింది, నిజమే. కానీ 1950 జనవరి 26 దాకా మన దేశానికి అధినేత బ్రిటిష్ రాజే. రాజ్యాంగం 1949 నవంబర్ 26నే ఆమోదం పొందినా, అమలుకు జనవరి 26 దాకా ఆగారు. 1930లో అదే తేదీన దేశమంతటా పూర్ణ స్వరాజ్య ప్రతిజ్ఞ చేశారు కాబట్టి.

ఇక మన పాత విశాఖ జిల్లా సంగతి. బొర్రా గుహలకు పిల్లల్ని తీసుకెళ్లే ఉంటారు. ఆ చుట్టుపక్కల గిరిజనుల ఊళ్లలో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులిచ్చారు. సమత అనే సంస్థ కోర్టుకెక్కింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో, అంటే గిరిజనుల రక్షణ కోసం ప్రత్యేకంగా ప్రకటించిన ప్రాంతంలో, ప్రభుత్వ భూమైనా సరే గిరిజనేతరులకు లీజుకివ్వడం చెల్లదని 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పుకు ఆధారం అలాంటి ప్రాంతాల పాలన గురించి చెప్పే రాజ్యాంగంలోని ఐదో షెడ్యూలు. అది లేకపోతే ఆ కొండల వాళ్లు ఏ కాగితం పట్టుకుని కోర్టు మెట్లెక్కేవారు? ఆ కాగితం అమల్లోకి వచ్చిన రోజును బడలికగా ఉందని మానేస్తామంటే నాకు బాధగా ఉంది.

కంచరపాలెం కుర్రాడు:
అన్నా, తీర్పు సంగతి నాకు తెలీదు. కానీ జెండా ఎగరేసి లడ్డూ పంచితే ఇదంతా ఎవరికి తెలుస్తుంది?

అనంతగిరి దారి:
తెలియదు తమ్ముడూ, అందుకే చెప్పాలి. జెండా కట్టే తీరులోనే తేడా ఉంది. ఆగస్టు 15న కింది నుంచి పైకి లాగుతాం. జనవరి 26న ముందే పైన కట్టి ఉంచి, ముడి విప్పుతాం. ఎందుకలా అని పిల్లలు అడిగితే అక్కడ మొదలుపెట్టొచ్చు. తర్వాత రాజ్యాంగ పీఠిక తెలుగులో చదివిస్తే రెండు నిమిషాలు కూడా పట్టదు.

సీతమ్మధార నివాసి:
జనం రారన్న నా బెంగ ఇంకా తీరలేదండీ. కానీ ఆ రోజు మానేద్దామన్న మాట మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను. పీఠిక పెద్ద అక్షరాల్లో ప్రింటు తీయించి లిఫ్టు పక్కన అంటిస్తాను.