గుంటూరు నల్లమట్టిలో 1/10 ఆఫ్‌రోడ్ రిమోటు బగ్గీ: టూ వీలా ఫోర్ వీలా, మోటర్ ఏది, టైర్లు ఏవి?

మిర్చికల్లం_రేసర్

అందరికీ నమస్తే. మాది గుంటూరు. అమరావతి రోడ్డులో మా బాబాయి వాళ్ల మిర్చి కల్లం ఉంది, కాయ ఎత్తేసినాక వానలు పడేదాకా ఖాళీగానే ఉండిద్ది, అందులో ట్రాక్ వేసుకోండిరా అన్నాడు. నేనూ ఇంకో నలుగురు ఫ్రెండ్స్ కలిసి ఈసారి సరదాకి కాకుండా సీరియస్‌గా ఆర్‌సీ (రిమోటు) కార్ల రేసింగ్ మొదలెడదాం అనుకుంటన్నాం. ఇప్పటిదాకా నా దగ్గరుంది డబ్ల్యూఎల్‌టాయ్స్ 144001, బండి బానే ఉంది గానీ చిన్న టైర్లు కదా, గడ్డల మీద ఎగిరెగిరి పడతంది, జంప్ దిగినాక ఎటు పోద్దో తెలీదు.

1/10 కి, అంటే అసలు బండిలో పదో వంతు సైజుకి, మారదామని చూస్తన్నా. బడ్జెట్ నలభై వేలు, రిమోటు చార్జరు బ్యాటరీ అన్నీ అందులోనే. ఒక షాపులో అడిగితే 8.5టి (టి అంటే లోపలి తీగ చుట్లు, తక్కువైతే స్పీడ్ ఎక్కువ) బ్రష్‌లెస్ మోటర్ పెట్టించుకో, స్పీడ్ ఉంటే రేసు గెలుస్తావ్ అన్నాడు. అది కరెక్టేనా? టూ వీల్ డ్రైవ్ తీసుకోవాలా ఫోర్ వీల్ డ్రైవా? టైర్లు ఏవి పట్టిద్ది మన నల్లరేగడికి? డబ్బులు ముందు దేనిమీద పెట్టాలో చెప్పండన్నా, అంతా ఒకేసారి కొనలేను.

బెజవాడ_డిఫ్

తమ్ముడూ, ముందు మోటర్ సంగతి పక్కన పెట్టి కల్లం సంగతి చూద్దాం, ఎందుకంటే నీ బండిలో ఏముండాలో చెప్పేది ఆ నేలే. కల్లం అంటే నీళ్లు కొట్టి రోలర్ తొక్కించిన నేల కదా, అంటే లోపల గట్టిగా పైన సన్నటి దుమ్ము ఉండే నేల. దుక్కి దున్నిన పొలం లాంటిది కాదు. చాలామంది ఇక్కడే పొరపడతారు, మట్టి అనగానే పొడుగు ముళ్లున్న టైర్లు కొంటారు. ఆ ముళ్లు దిగడానికి మెత్తటి మట్టి ఉండాలి, గట్టి నేల మీద అవి పక్కకి ఒంగిపోయి బండి తేలుతున్నట్టు తిరిగిద్ది, మూల తిరిగేటప్పుడు నువ్వు స్టీరింగ్ ఇచ్చాక కాసేపటికి బండి స్పందించిద్ది. నీకు కావల్సింది పొట్టి పిన్నులు దగ్గర దగ్గరగా ఉండే టైర్లు, మినీ పిన్ అంటారు. కాంపౌండ్, అంటే రబ్బరు మెత్తదనం, మే నెలలో మీడియం చాలు, సాఫ్ట్ వేస్తే ఎండకి కాలిన నేల మీద రెండు మూడు ఆదివారాలకే గుండు అయిపోద్ది. చలికాలం పొద్దున్నే తోలుకునేటప్పుడైతే సాఫ్ట్ బావుండిద్ది.

రెండోది, నల్లరేగడి ఎండితే నెర్రెలిచ్చిద్ది, ఆ నెర్రెలో ముందు చక్రం పడితే సస్పెన్షన్ ఆర్మ్ పోయినట్టే. పైన రెండంగుళాల మేర ఎర్ర గ్రావెల్ జల్లెడ పట్టి కలిపి, సాయంత్రం నీళ్లు చల్లి రోలర్ తొక్కించండి. దారి వెడల్పు మూడు మీటర్లకి తగ్గకుండా చూసుకోండి, ఐదుగురు కలిసి తోలాలంటే అంతకంటే తక్కువైతే ఓవర్‌టేకింగ్ ఉండదు, గుద్దుకోవడమే ఉండిద్ది. అంచులకి ఇటుకలు రాళ్లు వద్దు, వంగే ప్లాస్టిక్ పైపు వేసి మేకులు కొట్టండి.

ఇక బండి. మీరంతా కొత్తవాళ్లు, దుమ్ము నేల, నా మాట ఫోర్ వీల్ డ్రైవ్. నలభై వేలల్లో అసోసియేటెడ్, ఎక్స్‌రే లాంటి కాంపిటీషన్ కిట్ కొత్తది కొంటే రిమోటు బ్యాటరీలకి మిగిలేది ఏం ఉండదు. టామియా టిటి-02బి లాంటి షాఫ్ట్ డ్రైవ్ కిట్ కొనుక్కుని చేత్తో బిగించుకో, అప్పుడే ఏ స్క్రూ ఏం చేస్తదో తెలిసిద్ది. దానికి 0.6 మాడ్యూల్ (పంటి సైజు) పినియన్, అంటే మోటర్ మీద ఉండే చిన్న గేరు కావాలి, 48 పిచ్‌ది కొన్నావనుకో పళ్లు కలవవు, దాంతో కలిసే పెద్ద స్పర్ గేరు అరిగిపోద్ది. పార్టులు కొనేముందు ఇది రాసిపెట్టుకో.

మోటర్ 13.5టి సెన్సర్డ్, సుమారు 3000 కేవీ (ఒక్కో వోల్టుకి నిమిషానికి తిరిగే చుట్లు) ఉండిద్ది. ఈఎస్‌సీ, అంటే మోటర్ స్పీడ్ కంట్రోలరు, హాబీవింగ్ క్విక్‌రన్ సెన్సర్డ్ సరిపోద్ది. 8.5టి పెడితే గట్టి నేల మీద దుమ్ములో నాలుగు చక్రాలు ఊరికే తిరగడం తప్ప బండి ముందుకు పోయేది ఏం ఉండదు, పైగా ఆ కిట్‌లో డాగ్‌బోన్లు (చక్రాలని తిప్పే కడ్డీలు), డిఫ్ (రెండు పక్కల చక్రాలు వేరే స్పీడుల్లో తిరగనిచ్చే గేర్లు) కప్పులు ఆ తోపుకి తట్టుకోవు. సెన్సర్డ్ ఎందుకన్నానంటే మూల దాటి వచ్చేటప్పుడు థ్రాటిల్ కొంచెమే ఇస్తావు కదా, అక్కడ సెన్సర్ లేని మోటర్ కుదుపు కుదుపుగా లాగిద్ది, గ్రిప్ అక్కడే తెగిపోద్ది.

డబ్బు పెట్టాల్సింది టైర్ల మీద, సర్వో మీద, అంటే స్టీరింగ్ తిప్పే చిన్న మోటరు మీద. సర్వో మెటల్ గేరుది, 10 కేజీ టార్క్, 60 డిగ్రీలకి 0.10 సెకన్ల దగ్గర్లో ఉంటే చాలు. రిమోటు 2.4 గిగాహెర్ట్జ్ పిస్టల్ టైపు ఏదైనా పర్లేదు, ఎక్స్‌పో (స్టీరింగ్ మొదట్లో మెత్తగా తిరగడానికి), ఎండ్ పాయింట్ (ఎంతవరకు తిరగాలో) సెట్టింగులు ఉన్నాయో లేదో చూసుకో.

ఆటోనగర్_బేరింగ్

పైన అన్న చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్ట్. ఒక్కటి కలుపుతా. బేసిక్ కిట్లలో చక్రాల దగ్గర బేరింగులు కాకుండా ప్లాస్టిక్ బుష్‌లు ఇస్తారు, కల్లం దుమ్ములో అవి అరిగి చక్రం ఊగడం మొదలెట్టిద్ది, చక్రం ఊగితే నువ్వు ఎంత సెట్ చేసిన క్యాంబర్ (చక్రం నిలువు వంపు) అయినా దండగే. బండి కట్టేటప్పుడే అన్నీ బేరింగులు వేసెయ్. టామియా కిట్లలో ఎక్కువగా పడేది 5, 11, 4 సైజు (లోపలి కొలత, బయటి కొలత, మందం, ఎంఎంలో), బయట ఎంఆర్115 అంటారు. మా ఆటోనగర్లో ఆ నంబర్ చెప్పి అడుగు, రెండు వైపులా రబ్బర్ సీల్ ఉన్నవే తీసుకో. మెటల్ షీల్డ్ వాటిల్లోకి నల్లమట్టి దుమ్ము దూరి గ్రీజుతో కలిసి ముద్దయిపోద్ది, వేలితో తిప్పితే గరగరమంటది, ఇక అది పారేయాల్సిందే.

టామియా కిట్లకి ప్లస్ స్క్రూలు ఉంటాయి, అవి జపాన్ జేఐఎస్ తల. మామూలు ఫిలిప్స్ స్క్రూ డ్రైవర్‌తో గట్టిగా తిప్పితే తల గుండ్రమైపోద్ది. జేఐఎస్ డ్రైవర్ ఒకటి కొనుక్కో, లేదా అన్నీ హెక్స్ స్క్రూలకి మార్చేసి మంచి 2.0 హెక్స్ డ్రైవర్ పెట్టుకో. పాత తెల్ల టామియా ప్లగ్గు బ్రష్‌లెస్ కరెంటుకి వేడెక్కి కరిగిద్ది, తీసేసి ఎక్స్‌టి60 ప్లగ్గు సోల్డర్ చెయ్.

ఇంకోటి, మీది మిర్చి కల్లం. కాయ ఎత్తినా ఘాటు నేలలోనే ఉండిద్ది, ఐదు బళ్లు లేపే దుమ్ములో నిలబడి తోలేవాళ్లకి కళ్లు మండుతాయి. కళ్లద్దాలు, మాస్కు లేకుండా దిగొద్దు. మార్షల్‌గా, అంటే తిరగబడ్డ బళ్లు లేపడానికి, నిలబడేవాడు గాలి వచ్చే వైపు నిలబడాలి.

కృష్ణలంక_టూవీల్

నేను కొంచెం వేరే మాట చెప్తా, డిఫ్ అన్న ఏమనుకోవద్దు. ఐదుగురూ కలిసి నేర్చుకుంటన్నారు, అందరికీ ఒకే రకం బండి ఉంటే ఆ క్లాసే నేర్పిద్ది. 1985లో మొదటి ఆఫ్‌రోడ్ వరల్డ్ చాంపియన్‌షిప్ జరిగినప్పటినుంచి టూ వీల్, ఫోర్ వీల్ వేరువేరు క్లాసులుగానే ఉన్నాయి, ఎందుకంటే రెండిటినీ తోలే తీరు వేరు. టూ వీల్ తోలినోడికి థ్రాటిల్ వేలు వచ్చిద్ది. ఫోర్ వీల్‌లో మొదలెట్టినోడు గట్టిగా నొక్కి ముందు చక్రాలతో బయటికి లాక్కుంటాడు, అలవాటైతే తర్వాత పోదు. పైగా టూ వీల్‌లో ముందు డిఫ్ లేదు, ముందు షాఫ్ట్ లేదు, పార్టులు తక్కువ, ఖర్చు తక్కువ, ఆదివారం రాత్రి కడిగి బిగించుకోవడం గంటలో అయిపోద్ది.

తీసుకుంటే మాత్రం బరువు వెనక్కి ఉండే బండి తీసుకోండి. గ్రిప్ లేని నేల మీద మోటర్ వెనక ఇరుసు వెనకాల ఉన్నది గానీ, మిడ్ మోటర్ అయితే డర్ట్ కోసం చేసిన మోడల్ గానీ చూడండి, అసోసియేటెడ్ వాళ్లు పేరు చివర డి అని పెడతారు. కార్పెట్ ట్రాక్ కోసం చేసిన మోడల్ చవగ్గా వచ్చిందని కొనొద్దు. బ్యాటరీ పొట్టి ప్యాకు, షార్టీ అంటారు, వెనక్కి జరిపి పెట్టుకోవచ్చు. మోటర్ 17.5టి చాలు. ముందు టైర్లు గీతల రిబ్ టైర్లు, వెనక పిన్ టైర్లు, వెనక టో ఇన్ (చక్రాల ముందు అంచులు లోపలికి తిరగడం) ఒక్కో వైపు 3 డిగ్రీలు ఉంచండి, తగ్గించొద్దు.

బెజవాడ_డిఫ్

ఏమనుకోను బ్రదర్, థ్రాటిల్ వేలు సంగతి ఒప్పుకుంటా. కానీ వీళ్లకి మొదటి సీజన్లోనే బండి ప్రతి మూలలో తిరగబడి వెనక్కి చూస్తంటే నలుగురిలో ఇద్దరు మానేస్తారు, నేను చూశా ఇట్టాంటివి. ఐదుగురూ ఒకే బండి కొనండి అన్న మాట మాత్రం బంగారం. ఏ మోడల్ అయినా సరే ఐదూ ఒకటే అయితే ఆర్మ్ విరిగినప్పుడు పక్కోడి డబ్బాలో దొరికిద్ది, ఒకేసారి స్పేర్లు తెప్పించుకుంటే కొరియర్ ఖర్చు కూడా పంచుకోవచ్చు. బండి కొనేముందు ముందు ఆర్మ్‌లు, నకిల్స్ (ముందు చక్రాన్ని పట్టి తిప్పే ముక్కలు), హెక్స్‌లు (చక్రం కూర్చునే ఆరు పలకల ముక్కలు) మన దేశంలో స్టాక్ ఉన్నాయో లేదో వెతుకు, అవి లేని బండి ఎంత మంచిదైనా వద్దు.

మిర్చికల్లం_రేసర్

అన్నా అందరికీ చాలా థ్యాంక్స్. మాట్లాడుకున్నాం, ఐదుగురం టిటి-02బి, 13.5టి ఫిక్స్. రెండు డౌట్లు ఉన్నాయి. షాక్ ఆయిల్ ఎంత వెయ్యాలి, రైడ్ హైట్ (నేల నుంచి బండి అడుగు ఎత్తు) ఎంత? ఎండాకాలం మోటర్ వేడి సంగతేంటి, ఇక్కడ మే నెలలో మధ్యాహ్నం 44 దాకా పోద్ది.

బెజవాడ_డిఫ్

షాక్ ఆయిల్ ముందు 35 వెయిట్, వెనక 30 వెయిట్‌తో మొదలెట్టు అని ఎక్కడ చూసినా ఉండిద్ది, అది చల్లటి దేశాల లెక్క. సిలికాన్ ఆయిల్ ఎండకి పల్చబడిద్ది, మే నెలలో ముందు 40, వెనక 35 వెయ్, నవంబరుకి మళ్లీ దించు. ఒక్కో కంపెనీ వెయిట్ ఒక్కోలా ఉండిద్ది, అందుకే సీసా మీద సీఎస్‌టీ (ఆయిల్ చిక్కదనం) నంబర్ చూసి ఒకే కంపెనీది వాడు, అసోసియేటెడ్‌ది 35 అంటే 425 సీఎస్‌టీ, 40 అంటే 500.

షాక్ నింపేటప్పుడు తొందర వద్దు. పిస్టన్ కిందికి లాగి ఆయిల్ అంచుదాకా పోసి, రాడ్‌ని మెల్లగా పైకీ కిందికీ ఆడించు, సన్న బుడగలు గుంపుగా పైకొస్తాయి. నిలబెట్టి పది నిమిషాలు వదిలేసి మూత బిగించు. తర్వాత షాక్‌ని చెవి దగ్గర పెట్టుకుని నొక్కు, బుడబుడ చప్పుడొస్తే గాలి మిగిలినట్టే, మళ్లీ తియ్యి. ఎడమ కుడి షాకులు రెండూ చేత్తో పట్టుకుని ఒకేసారి నొక్కితే ఒకేలా పైకి రావాలి, ఇది కుదరకుండా ఇంకే సెట్టింగూ ముట్టుకోవద్దు, జంప్‌లో బండి ఒక పక్కకి ఒరిగేది ఎక్కువగా ఇందువల్లే.

రైడ్ హైట్ బ్యాటరీ పెట్టి, ఓ జానెడు ఎత్తు నుంచి బండిని నేల మీదకి వదిలి, అది ఆగినాక కొలువు. ముందూ వెనకా 24 ఎంఎం దగ్గర మొదలెట్టు, అడుగు నేలకి గీరుకుంటంటే 26 కి పెంచు. క్యాంబర్ నాలుగు చక్రాలకీ మైనస్ ఒకటి డిగ్రీ. డిఫ్‌లు ఊరికే గ్రీజుతో వదిలేయొద్దు, ఆయిల్ కారకుండా సీల్ ఉన్న డిఫ్‌లు వేసుకుని ముందు 7000, వెనక 5000 సీఎస్‌టీ ఆయిల్ పొయ్. వెనక ఇంకా పల్చగా వేస్తే లోపలి చక్రం ఊరికే తిరిగిపోయి థ్రాటిల్ ఇచ్చినా బండి కదలదు. ఒకసారికి ఒక్కటే మార్చు, మార్చింది పుస్తకంలో రాయి, రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలీదు.

ఆటోనగర్_బేరింగ్

మోటర్ వేడికి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఒకటి ఐదుగురు కలిసి కొనండి. నుదుటికి పెట్టే కరోనా టైపు వద్దు, అవి చాలావరకు 43 దాటితే చూపించవు. ఐదు నిమిషాలు తోలి ఆపిన వెంటనే మోటర్ డబ్బా మీద కొలువు, 70 దాటకుండా ఉండాలి, దాటితే పినియన్ ఒక పన్ను తగ్గించు, ఇంకా తగ్గకపోతే ఇంకోటి. టాప్ స్పీడ్ కొంచెం పోద్ది, మీ కల్లం సైజుకి ఆ స్పీడ్ వాడుకునే జాగా ఉండదు లే. అతిగా వేడెక్కితే రోటర్ అయస్కాంతం బలం తగ్గిపోద్ది, అది మళ్లీ రాదు, వైండింగ్ చూడ్డానికి బానే ఉండిద్ది గానీ మోటర్ సగం చచ్చినట్టే. ఈఎస్‌సీ ఫ్యాన్ రెక్కల్లో దుమ్ము ప్రతివారం పెయింటు బ్రష్‌తో దులుపు, నీళ్లు కొట్టొద్దు.

టైర్లు అంటించేముందు అంచు లోపల థిన్నర్‌తో తుడువు, ఫ్యాక్టరీ నుంచి జారుడు పూత ఉండిద్ది. పల్చటి సూపర్ గ్లూ అంచు ఒత్తి పట్టుకుని చుక్క చుక్కగా చుట్టూ, రెండో వైపు అది ఆరినాక.

లైపో_తెనాలి

బ్యాటరీ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తన్నా. 2ఎస్ (రెండు సెల్స్) లైపో, హార్డ్ కేస్ 5000 ఎంఏహెచ్, 50సి (ఎంత కరెంటు ఇవ్వగలదో చెప్పే లెక్క) తీసుకోండి. నిండా చార్జి 8.4 వోల్టులు, అంతకు మించి పోనీయొద్దు, ఈఎస్‌సీలో కటాఫ్ (అంతకి తగ్గితే బండి ఆపేసే వోల్టేజి) సెల్‌కి 3.2 పెట్టండి. సెల్స్ రెండిటినీ సమానంగా నింపే బ్యాలెన్స్ చార్జర్ మాత్రమే, 1సి అంటే 5 ఆంపియర్లకే చార్జి చెయ్యండి. తోలి ఆపిన వేడి ప్యాక్‌ని వెంటనే చార్జికి పెట్టొద్దు, నీడలో చల్లారనివ్వండి. ఎండలో పార్క్ చేసిన కారు డాష్‌బోర్డు మీద, స్కూటర్ డిక్కీలో లైపో అస్సలు ఉంచొద్దు, మన ఎండలకి లోపల ఎంత వేడెక్కిద్దో మీకే తెలుసు. వచ్చే ఆదివారం దాకా వాడకపోతే స్టోరేజ్ మోడ్‌లో పెట్టి సెల్‌కి 3.8 దగ్గర ఆపండి, నిండా చార్జి చేసి వారాలు వదిలేస్తే ఉబ్బిద్ది. ఉబ్బిన ప్యాక్ మళ్లీ బండిలో పెట్టొద్దు, గుచ్చి గాలి తీసే ప్రయత్నం అసలే వద్దు. చార్జి పెట్టేటప్పుడు సిమెంటు నేల మీద పెట్టండి, మిర్చి బస్తాలు, గోనెలు, పట్టాల పక్కన కాదు, మీ కల్లంలో ముందు చూసుకోవాల్సింది ఇదే.

మిర్చికల్లం_రేసర్

చార్జింగ్‌కి కల్లంలో మోటర్ షెడ్డు ఉందన్నా, సిమెంటు గచ్చు, బస్తాలు అక్కడ ఉండవు. బేరింగులకి ఈ శనివారమే ఆటోనగర్ వస్తన్నా. ఐదు బళ్లకీ సెట్లు కావాలి, షాపు ఎక్కడో కొంచెం గుర్తు చెప్పండి.

ఆటోనగర్_బేరింగ్

మెసేజ్ పెట్టు, నేనే తీసుకెళ్తా. సాయంత్రం నాలుగు లోపు రా, కిట్ మాన్యువల్‌లో బేరింగ్ సైజులున్న పేజీ ఫొటో తీసుకుని రా, ఒక్క 5, 11, 4 తో మొత్తం బండి అవ్వకపోవచ్చు.