అప్‌డేట్: మాస్ కమ్యూనికేషన్ కళాశాలలో ఏడాది గడిచాక

విశ్వవిద్యాలయపు మాస్ కమ్యూనికేషన్ కళాశాలలో అన్నీ సిద్ధాంతాలే చెబుతున్నారని, కెమెరా ముట్టుకోనివ్వడం లేదని, చదువు మానేయాలా అని నిరుడు మిమ్మల్ని అడిగాను. మానవద్దని, ముందు విద్యార్థులు సాధన కోసం నడిపే ల్యాబ్ పత్రికలో పని అడగమని ఎక్కువ మంది చెప్పారు. అలాగే చేశాను.

హాస్టల్ నీటి కొరతపై రాసిన నా మొదటి వార్త ఎర్ర సిరాతో నిండి తిరిగొచ్చింది. నీళ్లు ఎన్ని రోజులుగా రావడం లేదన్న అసలు విషయం నాలుగో పేరాలో దాక్కుందని, ముఖ్యమైనది ముందు చెప్పే తలకిందుల పిరమిడ్ పద్ధతిలో అది మొదటి వాక్యంలోనే ఉండాలని, వార్డెన్ వివరణ లేకపోతే అది సగం వార్తేనని మా అధ్యాపకురాలు తేల్చేశారు. ఆరుసార్లు తిరగరాశాక అచ్చయింది.

రెండో సెమిస్టర్‌లో ఎడిటింగ్ గది తెరిచారు. ఇద్దరు మాట్లాడుకుంటున్నప్పుడు వారి మధ్యనున్న ఊహారేఖను కెమెరా దాటకూడదన్న నియమం, ఆ రేఖ దాటి తీసిన నా ఇంటర్వ్యూలో ఇద్దరూ ఒకే వైపు చూస్తున్నట్టు తెరపై కనిపించినప్పుడే నాకు తలకెక్కింది.

సిద్ధాంతాలపై నా చిరాకు తొందరపాటేనని ఒప్పుకోవాలి. 1968 అమెరికా అధ్యక్ష ఎన్నికలను పరిశీలించి మెకోంబ్స్, షా అనే పరిశోధకులు 1972లో ప్రచురించిన ఎజెండా సెట్టింగ్ అధ్యయనం (మీడియా దేనికి ప్రాధాన్యమిస్తే జనం దాన్నే ముఖ్యమనుకుంటారన్నది దాని సారం) చదివాక, మొదటి పేజీకి ఏ వార్త ఎంచుకోవాలన్న మా వాదనలు నాకు కొత్తగా వినిపించాయి.

రేడియో స్టూడియోకు మాత్రం ఇంకా తాళమే.