మట్టి పట్టిన జవాను బొమ్మను సంక్రాంతి కొలువులో పెట్టొచ్చా?

పటమట:
పన్నెండు అంగుళాల మిలిటరీ యాక్షన్ ఫిగర్ ఒకటి కొని, 1999 కార్గిల్ నాటి మన జవానుగా మార్చాను. ముఖానికి మళ్ళీ రంగు వేశాను, యూనిఫామ్ కొత్తగా కుట్టించాను. బూట్లకూ మోకాళ్ళకూ మట్టి పట్టించాను, రైఫిల్‌కి తుప్పు వేశాను, చెంప మీద చిన్న రక్తపు గాటు పెట్టాను. ఈ పండక్కి మా ఇంటి బొమ్మల కొలువులో పెడదామంటే మా పెద్దమ్మ ససేమిరా అంటోంది. "శుభ్రంగా కడిగి పెట్టు, లేదంటే నీ బీరువాలోనే ఉంచుకో" అంది. ఫోటోలు పెట్టాను. మీరేమంటారు?

బ్రాడీపేట:
మీ పెద్దమ్మగారి మాటే నా మాట కూడా. కొలువు శుభం కోరి పెట్టేది. ఆ మెట్ల ముందే పసిపిల్లలకు భోగిపళ్ళు పోస్తాం, పేరంటాళ్ళు వచ్చి కూర్చుంటారు. అక్కడ నెత్తుటి మరకతో ఒక మనిషి బొమ్మ ఉండడం నాకు మనస్కరించదు. హాబీని తక్కువ చేయడం లేదండీ. మా అబ్బాయి కూడా ట్యాంకు మోడళ్ళు చేస్తాడు, అవి వాడి టేబుల్ మీద ఉంటాయి. జవానును గౌరవించాలనుకుంటే రిపబ్లిక్ డే పరేడ్‌లో నడిచినట్టు ఇస్త్రీ యూనిఫామ్‌లో పెట్టండి, ఎవరు కాదంటారు?

గవర్నర్‌పేట:
బ్రాడీపేట గారూ, రక్తం విషయంలో మీతో ఉన్నాను. మట్టి విషయంలో మాత్రం లేను. కొలువులో కష్టపడే మనుషులు లేరా? కొండపల్లి బొమ్మల్లో తాడిచెట్టు ఎక్కే గీత కార్మికుడు ఉన్నాడు, ఎడ్లబండి తోలే రైతు ఉన్నాడు. దశావతారాల కింది మెట్టు మీద వాళ్ళను ఎవరూ వద్దనలేదు. జవాను చేసేదీ పనే. పరేడ్ యూనిఫామ్ ఏడాదిలో కొన్ని రోజులు, మిగతా రోజులు దుమ్ములోనే. ఆ దుమ్ము తుడిచేస్తే ఆయన చేసిన పనిని తుడిచేసినట్టే.

పటమట గారూ, మీ ఫోటో చూశాను. మట్టి వేయడం తప్పు కాదు కానీ మీరు వేసిన మట్టి కార్గిల్‌ది కాదు. ఆ యుద్ధం జరిగిన ద్రాస్ వైపు కొండలు బూడిద రంగు రాళ్ళు, పొడి దుమ్ము. అక్కడి టైగర్ హిల్ ఎత్తు 5,000 మీటర్లు దాటుతుంది, చెట్టూ చేమా ఉండదు. మీ బూట్లకు పట్టింది నల్లటి తడి మట్టి. మీ జవాను గుంటూరు మిర్చి చేలోంచి నడిచొచ్చినట్టు ఉన్నాడు. 1971 బంగ్లాదేశ్ యుద్ధంలో తూర్పు రంగం జవాను అయితే వరి పొలాల బురద సరిపోయేది. అదే యుద్ధంలో రాజస్థాన్ ఎడారిలోని లోంగేవాలా అయితే ఇసుక రంగు. ముందు ఆ మనిషి ఎక్కడ నిలబడ్డాడో తేల్చుకుని, తర్వాత బ్రష్ పట్టాలి.

నిజం మట్టి తెచ్చి అంటించినట్టున్నారు, అది కూడా వద్దు. ఇది ఆరో వంతు సైజు బొమ్మ. ఒక మిల్లీమీటరు ఇసుక రేణువు దాని బూటు మీద ఆరు మిల్లీమీటర్ల గులకరాయి అవుతుంది. రంగు సుద్దముక్కల్లాంటి పొడి చాక్ పాస్టెల్స్‌ని బ్లేడుతో గీకితే మెత్తటి పొడి వస్తుంది. బూడిద, లేత గోధుమ రంగులు కలిపి మెత్తని బ్రష్‌తో అద్దండి. బూటు అంచుల దగ్గర ఎక్కువ, మోకాలి మీద తక్కువ, నడుము పైన దాదాపు ఏమీ వద్దు. బట్టకైతే ముందు మోకాళ్ళ దగ్గర, మోచేతుల దగ్గర సన్నటి ఉప్పు కాగితంతో రుద్దండి. వాడిన బట్ట ముందు అక్కడే చివుకుతుంది.

రక్తం ఎందుకు వద్దంటున్నానంటే, పండగ సంగతి పక్కన పెట్టినా, చూసేవాళ్ళ కన్ను నేరుగా దాని మీదికే పోతుంది. బూట్ల మీద మీరు పడిన కష్టం ఒక్కరికీ కనపడదు.

బ్రాడీపేట:
కొండపల్లి రైతు బాగానే గుర్తొచ్చాడు కానీ ఆ రైతు కాళ్ళకు మట్టి ఉందా చెప్పండి? పొణికి చెక్క చెక్కి, చింతగింజల మక్కుతో అతికి, నిగనిగలాడే రంగులు వేస్తారు. కష్టజీవిని కూడా పండక్కి ముస్తాబు చేసే నిలబెడతారు. నేనంటున్నదీ అదే.

గవర్నర్‌పేట:
ఆ మాట నిజమే. కొండపల్లి పద్ధతి అది. ఈ హాబీ పద్ధతి ఇది. రెండూ ఒకే మెట్టు మీద పక్కపక్కన ఉంటే నష్టం లేదనే నా వాదన.

అరండల్‌పేట:
మా నాన్నగారు ఆర్మీలో పనిచేసి రిటైరయ్యారు. ఈ చర్చ చదివి వినిపించి, ఫోటో చూపించాను. మట్టి చూసి ఏమీ అనలేదు. రైఫిల్ మీద తుప్పు చూడగానే ఆయన ముఖం మారిపోయింది. "బట్టలు ఎలా ఉన్నా సరే, ఆయుధం మాత్రం మురికిగా ఉంచడు. తుడవకుండా పడుకోడు" అన్నారు. అగౌరవం అంటే నా దృష్టిలో అదీ. వెదరింగ్, అంటే బొమ్మ వాడి పాతబడినట్టు కనిపించేలా రంగులు వేయడం, చేసేవాళ్ళు చాలామంది బొమ్మ మొత్తానికి ఒకే రకం పాతదనం పులిమేస్తారు. వాడిన రైఫిల్‌కి చెయ్యి తగిలే చోట, అంచుల దగ్గర నల్లరంగు అరిగి లోహం మెరుస్తుంది. పెన్సిల్ గ్రాఫైట్ పొడి వేలితో రుద్దితే చాలు, ఆ మెరుపు వస్తుంది. తుప్పు తీసేయండి అన్నయ్యా.

ఇంకొకటి. భుజం మీద జెండా బ్యాడ్జీ ఉంది, దాని మీద కూడా మరక పడింది. చిరిగిన, నలిగిన జెండాను ప్రదర్శించకూడదని 2002 ఫ్లాగ్ కోడ్‌లోనే ఉంది. బొమ్మ మీది చిన్న బ్యాడ్జీకి అది వర్తిస్తుందా అని వాదించుకోవడం కంటే, శుభ్రంగా ఉంచడం మేలు.

పటమట:
రక్తం, తుప్పు రెండూ తీసేస్తున్నాను. బ్యాడ్జీ మారుస్తాను. బూట్లు కడిగి పాస్టెల్ పొడితో మళ్ళీ చేస్తాను. మట్టి మాత్రం పూర్తిగా పోదని పెద్దమ్మకు చెప్పాను, ఇంకా మెత్తబడలేదు. పొడి రాలకుండా పైన మ్యాట్ వార్నిష్ స్ప్రే కొట్టొచ్చా?

గవర్నర్‌పేట:
కొట్టొచ్చు, దూరం నుంచి పల్చగా. పొద్దున మాత్రం వద్దు. ఈ రోజుల్లో కృష్ణ మీది మంచు ఎనిమిదింటి దాకా విడవడం లేదు, గాలిలో తేమ ఉంటే వార్నిష్ తెల్లగా పొగబారుతుంది. మధ్యాహ్నం ఎండలో మేడ మీద కొట్టి, అక్కడే ఆరనివ్వండి.

బ్రాడీపేట:
రక్తం తీసేశారు, సంతోషం. అరండల్‌పేట అమ్మాయి నాన్నగారి మాట నాకు బాగా నచ్చింది. ఆ తుడిచిన తుపాకీ కోసమైనా కింది మెట్టు మీద ఒక చివర ఉంచండి. కానీ భోగిపళ్ళు పోసేటప్పుడు పక్క గదిలో పెట్టండి. ఇంతకు మించి నేను ఒప్పుకోను.